దీవి దుంపలు

మా తమ్ముడు ఫెస్టీ మాంసం మానేసింది మీసాలొచ్చిన కొత్తలో. తన చేత్తో పాలు పట్టి పెంచిన పెయ్యని సంతకి తోలుకెళ్ళి అమ్మి, ఇంటికొచ్చి, అమ్మ పళ్ళెంలో పెట్టిన ఉప్పుమాంసం ముక్కని పక్కకి నెట్టి, "ఇక నాకొద్దమ్మా" అన్నాడు. అంతే. మళ్ళీ ముట్టలేదు. ఊరు ఊరంతా నవ్వింది. ఆవుల్ని మేపుకుని బతికే ఊళ్ళో ఆవుని తిననన్నవాడికి పిల్లనెవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. నాకూ పెళ్ళి కాలేదు. నా నోటికి జడిసి ఎవడూ ముందుకు రాలేదని పక్క పొలం బార్ట్లీ అంటాడు. వాడి మొహం. అమ్మా నాన్నా పోయాక కొండ కింద ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బడి బస్సు నడపడం నా పని. తోటా, వంటా ఫెస్టీవి. వాడు చేస్తే వట్టి క్యాబేజీ కూర తిన్నా ప్రాణం లేచొచ్చేది.

తోటలో ఏం వేసినా వేయకపోయినా దీవి దుంపలు మాత్రం వేయాల్సిందే. అవి అమ్మ సొత్తు. దీవి మీద ఇళ్ళన్నీ వదిలేసి జనం ఒడ్డుకి వచ్చేసిన ఏడు, పెళ్ళీడు పిల్లగా అమ్మ ఒక మేజోడు నిండా ఆ దుంపలు నింపుకుని పడవ దిగింది. తెల్లటి చిన్న బంగాళాదుంప, మొలకలొచ్చే కళ్ళ దగ్గర ఊదా రంగు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేవు. ఫెస్టీ ఇస్తానన్నా ఎవరూ పట్టుకెళ్ళలేదు, కొట్టు విత్తనం ఎక్కువ కాస్తుందని.

ఆ ఏడు బ్రిజిడ్ పండగనాడు, ఫిబ్రవరి మొదట్లో, ఎప్పటిలాగే ముందు గదిలో గుడ్ల అట్టలు పరిచి విత్తనం దుంపలు పేర్చాడు. ముందు గది అంటే ఫాదర్ గారు వస్తేనో, ఇంట్లో ఎవరైనా పోతేనో తప్ప తెరవం. మొలకెత్తడానికి దుంపకి ఆ చల్లదనమూ, ఆ కిటికీ వెలుతురూ కావాలి. ఒక్కోదాన్నీ కళ్ళు పైకి ఉండేలా నిలబెట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు అరచేత్తో సర్దేవాడు. మా దగ్గర మిగిలినవి అవే. కిందటి వేసవిలో తెగులు తగిలి పంట సగం మట్టిలోనే కుళ్ళింది. క్రిస్మస్ నాటికి దుంపలు దాచే గుంట ఖాళీ. తినడానికి కొట్టులో కొనుక్కున్నాం గానీ విత్తనం జోలికి పోలేదు. "ఆకలేస్తే చెప్పులు ఉడకేసుకు తినండి గానీ విత్తనం ముట్టకండి" అనేది అమ్మ. కరువులో విత్తనం తిన్నవాళ్ళ ఇళ్ళు కొండ మీద మొండిగోడలుగా ఇంకా నిలబడే ఉన్నాయి. మాకు అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

బార్ట్లీ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏమోయ్ ఫెస్టీ, గోళీలు పేరుస్తున్నావా? నీ దుంప తెగ, ఒక్క ఏడు కొట్టు విత్తనం వేసి చూడవోయ్. దుంప నీ తలకాయంత ఊరుతుంది."

"నా తలకాయంత అయితే లోపల అంతా బోలే కదరా," అన్నాడు ఫెస్టీ.

ముగ్గురం పడీ పడీ నవ్వాం. నవ్వాక నాకు వెలిగింది. తన తల ఖాళీ అవుతోందని ఫెస్టీకి తెలుసన్నమాట.

తెలియక ఏం చేస్తాడు? సోడా వెయ్యకుండా రొట్టె కాల్చాడు, రాయిలా దిగింది. ఒకరోజు నేను బస్సు దిగి వచ్చేసరికి పాలు మాడి వంటిల్లంతా పొగ. వీడేమో వట్టికాళ్ళతో సముద్రం ఒడ్డున నిలబడి దీవి వైపు చూస్తున్నాడు. "అమ్మ ఇంకా రాలేదేంటే అక్కా?" అన్నాడు. అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో! నేను వాడి కాళ్ళు తుడిచి మేజోళ్ళు తొడిగాను.

నర్సమ్మ అట్రాక్టా ఊరూరా తిరిగే మనిషి, మంచిదే. టీ కప్పు పట్టుకుని సూటిగా చెప్పేసింది.

"ఊనాగారూ, ఈయన్ని ఒంటరిగా వదలకూడదు. ఇవాళ పాలు మాడాయి, రేపు ఇల్లు అంటుకుంటుంది. పట్నంలో ఆశ్రమంలో మంచం ఖాళీ ఉంది. ఇప్పుడు కాదంటే మళ్ళీ దొరకదు."

"మా ఇంట్లో ఎవరూ ఆశ్రమాల్లో చావలేదమ్మా," అన్నాను. నాది ముక్కు మీద కోపం.

"చావడానికి కాదండీ నేను చెప్పేది..."

ఫెస్టీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా పిండితో. ఎంతసేపట్నించీ ఉన్నాడో!

"గార్లాండ్ ఆదివారం దాకా ఆగమను అక్కా," అన్నాడు. "నా చేత్తో తవ్వి, నా చేత్తో వండి నీకు పెడతాను. తరవాత ఎక్కడికి పంపినా నోరెత్తకుండా పోతా. అంతవరకూ నన్నెక్కడికీ పంపకు."

గార్లాండ్ ఆదివారం అంటే జులైలో ఆఖరిది. ఆ రోజుకి ముందు కొత్త దుంపకి పార గుచ్చినవాడు మా ఊళ్ళో చేతకానివాడి కింద లెక్క. కొత్త పంట దాకా ఇల్లు నెట్టుకురాలేకపోయాడని అర్థం. ఆ రోజు కొత్త దుంపలు ఉడికించి, చిదిమి, వెన్న వేసి, ఇంటికి పెద్దవాళ్ళు మొదటి ముద్ద తిన్నాక మిగతావాళ్ళు తింటారు. "వచ్చే ఏడు ఇదే వేళకి అందరం బతికుందాం" అంటారు. మా ఇంట్లో పెద్దదాన్ని నేను.

"పంపను," అన్నాను. "మాటంటే మాట."

నర్సమ్మ వాడి వంకా నా వంకా చూసి, "జులై దాకా మంచం నేను ఎలాగోలా ఆపుతాను. కానీ ఎప్పుడూ ఒక మనిషి పక్కనే ఉండాలి సుమా," అంది. నేను బస్సు మీద ఉన్నంతసేపూ బార్ట్లీ వచ్చి కూర్చునేట్టు మాట్లాడుకున్నాం.

మార్చిలో వాడు బోదెలు తీశాడు. ఏం చెప్పమంటారు ఆ తీరు! పొద్దున్న చొక్కా బొత్తాం ఏ కన్నంలో పెట్టాలో తెలియని మనిషి, తాడు కట్టకుండా గీత గీసినట్టు బోదె తీశాడు. బార్ట్లీ ట్రాక్టరు మీద సముద్రపు నాచు తోలుకొచ్చాడు. ఫెస్టీ దాన్ని పరిచి, పచ్చిక పెళ్ళలు తిరగేసి కప్పాడు. మధ్యలో ఆగి ఉప్పు వాసన పీల్చుకుని పాట అందుకునేవాడు. కంచె పక్కన దురదగొండి లేత చివుళ్ళు వేస్తే చేతికి గుడ్డ చుట్టుకుని కోసుకొచ్చి, చారు కాచాడు. మే వెళ్ళేలోపు మూడుసార్లు ఆ చారు తాగితే ఏడాదంతా రోగం రాదంటారు. మొదటిసారి చారు తాగుతూ, "ఇంకో రెండున్నాయే అక్కా, మరిచిపోనివ్వకు," అన్నాడు.

వాడి చేతులకి ఇంకా అన్నీ గుర్తున్నాయి. నేను ఆశ పడ్డాను. నా అంత పిచ్చిది ఇంకోతి ఉండదు. నర్సమ్మకి తెలియదు, డాక్టరుకి తెలియదు, మా వాడికి మట్టిలో పని ఉన్నంతకాలం ఏమీ కాదు అనుకున్నాను. గుడ్ ఫ్రైడే నాడు నాటుతాం, జులైకి తవ్వుతాం, జులై తరవాత సంగతి జులై తరవాత.

గుడ్ ఫ్రైడే ముందు బుధవారం మా వంతు వచ్చిందని చర్చి తుడవడానికి వెళ్ళాను. బార్ట్లీ ఉన్నాడు కదా అని నిశ్చింతగానే వెళ్ళాను. ఇత్తడి సామాను తోమి, బల్ల గుడ్డలు మార్చి ఇంటి మలుపు తిరిగేసరికి ఘుమఘుమలాడుతూ వాసన తగిలింది. వేడి వెన్నలో ఉల్లికాడల వాసన. ఆకలి మీద ఉన్నాను, ఆబగా లోపలికి వచ్చాను.

బల్ల మీద అమ్మ తెల్ల గుడ్డ పరిచి ఉంది. మూడు పళ్ళేలు. ఫెస్టీ గడ్డం గీసుకున్నాడు, పండగ చొక్కా వేసుకున్నాడు. మధ్యలో పెద్ద గిన్నె. చిదిమిన దుంపల్లో క్యాబేజీ, ఉల్లికాడలు కలిపి, పొగలు కక్కుతోంది. నడిమిన గుంట చేసి వెన్న వేశాడు. పచ్చగా కరిగి నిలబడింది.

"రా అక్కా, నీకోసమే ఆగాం. గార్లాండ్ ఆదివారం కదా, ఎక్కడికెళ్ళావు?" అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"ఏం దుంపలురా ఇవి?" అన్నాను.

"ఏం దుంపలేంటి? మనవే! ఎంత బాగా ఊరాయనుకున్నావు!"

నేను నెమ్మదిగా ముందు గదిలోకి వెళ్ళాను. గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చి ఉన్నాయి. ఖాళీ. అమ్మ ఫొటో పక్కన కిటికీలో ఎండ పడుతోంది. పెరటి గుమ్మంలోకి వెళ్ళి చూశాను. గిల్లేసిన ఊదా మొలకలు కోళ్ళ ముందు పోశాడు, కోళ్ళు ఒక్కటీ మిగల్చలేదు. లోపల్నించి "అక్కా, చల్లారిపోతోందే!" అని పిలుస్తున్నాడు.

వచ్చి కూర్చున్నాను.

అప్పుడే బార్ట్లీ పరిగెత్తుకొచ్చాడు, మోచేతుల దాకా తడి. వాడి ఆవు ఈనుతోందని కబురొస్తే ఇలా వెళ్ళి అలా వద్దామని వెళ్ళాడట. గుమ్మంలో నిలబడి గిన్నె చూశాడు, తెరిచి ఉన్న ముందు గది తలుపు చూశాడు, నన్ను చూశాడు. వాడి నోరు చచ్చినవాళ్ళ ఇంట్లో కూడా ఊరుకోదు. అలాంటివాడు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"రావోయ్ బార్ట్లీ, కూర్చో. నీ కొట్టు దుంపలు పారేసి వీటి రుచి చూడు," అన్నాడు ఫెస్టీ.

బార్ట్లీ మూడో పళ్ళెం ముందు కూర్చున్నాడు. అది అమ్మ కోసం పెట్టిన పళ్ళెం.

"మొదటి ముద్ద నీదే అక్కా."

చెంచాతో వెన్న గుంట అంచు నుంచి తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగుండకపోయినా బాగుండేది. మింగాను. ఫెస్టీ నా మొహంలోకే చూస్తున్నాడు.

"బాగుందిరా," అన్నాను.

"వచ్చే ఏడు ఇదే వేళకి అందరం బతికుందాం," అన్నాడు వాడు.

"అందరం బతికుందాం," అన్నాడు బార్ట్లీ తల ఎత్తకుండా.

గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం. ఒక్క పిసరు వదల్లేదు. వదిలితే పాపమనిపించింది.

గుడ్ ఫ్రైడే తెల్లారింది. ఊరంతా పొలాల్లో ఉంది. బార్ట్లీ ఒక బస్తా కొట్టు విత్తనం మోసుకొచ్చి బోదె పక్కన దించాడు. ఫెస్టీ ఆ రోజు తేటగా ఉన్నాడు. అప్పుడప్పుడూ అలా వచ్చేది, మబ్బు విడినట్టు. బస్తాలో చెయ్యి పెట్టి ఒక దుంప తీశాడు. కళ్ళతో చూడను కూడా లేదు, బొటనవేలితో తడిమి కింద పెట్టేశాడు.

"ఇవి మనవి కావు. మనవేవి?"

నేను బస్తా మూతి మడిచాను.

"ఎలుకలు పడ్డాయోయ్," అన్నాడు బార్ట్లీ. "ముందు గదిలో దూరాయి. నేనే చూశాను. ఒక్కటి మిగల్చలేదు దరిద్రపు ముండలు."

ఫెస్టీ పార నేలకి గుచ్చి ఇంట్లోకి వెళ్ళాడు. ముందు గదిలో చాలాసేపు ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక గుడ్ల అట్ట చేతిలో ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అట్ట కొరకని ఎలుకలా బార్ట్లీ?"

బార్ట్లీ నేల చూపులు చూశాడు.

"ఒక్కటన్నా మిగిల్చానా అక్కా?" అన్నాడు నా వైపు తిరిగి.

లేదన్నట్టు తల ఊపాను. వాడికి అబద్ధం చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. వాడు బోదెల వంక చూశాడు. గీత గీసినట్టున్న బోదెలు, నాచుతో మట్టితో సిద్ధంగా, నోళ్ళు తెరుచుకుని. పార తీసి, గడ్డితో శుభ్రంగా తుడిచి, కొట్టంలో మేకుకి తగిలించాడు.

మర్నాడు పొద్దున్న టీ పెడదామని లేచేసరికి ఫెస్టీ పక్క మీద లేడు. ఒడ్డుకి పరిగెత్తబోతూ చూశాను. వాకిట్లో నా కారులో కూర్చుని ఉన్నాడు. పండగ కోటు, టోపీ, ఒళ్ళో చిన్న సంచీ.

"దిగరా. ఏంటీ వేషాలు?"

"నర్సమ్మకి చెప్పు, మంచం ఉంటే వస్తానని."

"జులై దాకా పంపనని మాటిచ్చాను కదరా!"

"నువ్వు పంపట్లేదు. నేనే పోతున్నా." నా వైపు చూడలేదు. "విత్తనం తిన్నవాణ్ణి ఇంట్లో ఉంచుకోకూడదే. అమ్మ ఊరుకోదు."

తిట్టాను, బతిమాలాను, తలుపు పట్టుకుని లాగాను. అమ్మ లేదురా, ఎప్పుడో పోయింది, ఇక్కడున్నది నేను, నాకు విత్తనమూ అక్కర్లేదు, పంటా అక్కర్లేదు, నువ్వుంటే చాలు అని ఏడ్చాను. కొండలా కూర్చున్నాడు. వాడికి మళ్ళీ మబ్బు కమ్మకముందే వెళ్ళిపోవాలని తొందర. అది నాకు అర్థమైంది. అర్థమయ్యాక కారు తాళాలు తెచ్చాను.

ఆశ్రమం చెడ్డదేం కాదు. పక్కలు శుభ్రం, కిటికీ బయట గులాబీలు. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఒక వారం అక్కా అనేవాడు, ఒక వారం అమ్మా అనేవాడు. మే నెలలో దురదగొండి చారు సీసాలో పోసుకుని తీసుకెళ్తే, అప్పుడే భోజనాలవుతున్నాయి. ఫెస్టీ పళ్ళెంలో ఉప్పుమాంసం. ముక్కలు కోసుకుని హాయిగా నములుతున్నాడు.

వడ్డించే పిల్ల నవ్వుతూ వచ్చింది. "మీ తమ్ముడుగారు బంగారమండీ. ఏం పెట్టినా వంక పెట్టరు."

"మాంసం తినడని చెప్పాను కదమ్మా!"

"మేమూ అడిగామండీ. ఆయనే కావాలన్నారు."

ఫెస్టీ నా వంక చూసి, "బాగుంది, కొంచెం తింటారా?" అన్నాడు. ఆ పిల్లని ఏమని ఏం లాభం? చారు సీసా సంచీలోనే ఉంచుకుని కారు దగ్గరికి వచ్చేశాను. స్టీరింగు మీద తల పెట్టుకుని, వాడు సంతలో అమ్మిన ఆ పెయ్య పేరేంటో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. దాని పేరు తెలిసినవాడు వాడొక్కడే.

బోదెలు అలాగే వదిలేశాను. బార్ట్లీ ఇచ్చిన విత్తనం వెయ్యబుద్ధి కాలేదు. జులైకి కలుపు మోకాలెత్తు పెరిగింది. ఆ నెల ఆఖర్లో ఒక సాయంత్రం కంచె మీద నుంచి బార్ట్లీ కేకేశాడు.

"ఊనా! ఊనా! నీ ఉల్లిమడిలో ఏముందో చూశావా?"

ఉల్లిమడి అంటే కిందటేడు దుంపలు వేసిన చోటు. ఉల్లికాడల మధ్య ఒకే ఒక్క దుంప మొక్క. ఏ చిన్న దుంపో కిందటేడు తవ్వేటప్పుడు పారకి తగలక మట్టిలో ఉండిపోయి, దానంతటది మొలిచింది. వంగి ఆకు తిప్పి చూశాను. కాడ అడుగున ఊదా రంగు. బార్ట్లీ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆదివారం దాకా ఆగాలి సుమా," అన్నాడు. "ముందు తవ్వితే వాడు మనల్ని బతకనివ్వడు."

గార్లాండ్ ఆదివారం నాడు చేతుల్తోనే తవ్వాను. దోసెడు వచ్చాయి. అమ్మ తెచ్చినట్టే మేజోట్లో వేసుకుని, కొన్ని ఉల్లికాడలూ, వెన్నా పట్టుకుని పట్నం వెళ్ళాను.

ఫెస్టీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. చిక్కిపోయాడు.

"మీరు ఎవరి తాలూకండీ?" అన్నాడు మర్యాదగా.

నేను జవాబు చెప్పకుండా దుంపలు వాడి ఒళ్ళో పోశాను. చేతులు వాటంతటవే కదిలాయి. ఒక్కోదాన్నీ బొటనవేలితో తడిమాడు, మట్టి రాల్చాడు. కోడిగుడ్డంత దుంపలన్నీ ఒక పక్కకి చేర్చాడు. అన్నిట్లోకీ పెద్దది ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇవి విత్తనానికమ్మా, ముట్టుకోకండి. ఇదొక్కటీ వండండి."

విత్తనం మేజోట్లో కట్టేశాను. వంటింట్లో వాళ్ళని అడిగి ఆ ఒక్క దుంపా ఉడికించాను. చిదిమి, ఉల్లికాడలు కలిపి, గుంట చేసి, వెన్న వేసి తెచ్చి ముందు పెట్టాను. వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. చెంచా తీసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టేశాడు.

"తినండి, చల్లారిపోతుంది."

"ఉండండమ్మా. మా అక్క రావాలి. మొదటి ముద్ద దానిది."

"మీ అక్కా?"

"బడి బస్సు దింపేసి వస్తుంది." గొంతు తగ్గించి నా వైపు వంగాడు. "కోపిష్ఠిదండీ. కానీ మాటంటే మాటే. నన్నెక్కడికీ పంపనంది."

ఆ ముద్ద నేనే తీసుకుని తినేద్దామనుకున్నాను. ఎలా తింటాను? పరాయిదాన్ని కదా.

"వస్తుందండీ," అన్నాను. "దారిలో ఉంది."

తృప్తిగా తల ఊపాడు. గుంటలో కరిగిన వెన్న అంచుల దగ్గర మళ్ళీ గడ్డకట్టింది. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.